తాతగారి చేతి గడియారం

తెలుగునాట ఒకప్పుడు చేతి గడియారం అందరికీ అందే వస్తువు కాదు. పెళ్లిలో అల్లునికి పెట్టిన వాచీ, తొలి జీతంతో కొనుక్కున్న వాచీ, పదవీ విరమణ నాడు సహోద్యోగులు బహూకరించిన వాచీ - ఇలా ప్రతిదాని వెనుక ఒక సందర్భం ఉండేది. ఆ గడియారాలు నేడు మనుమల చేతికి వస్తున్నాయి. అపురూపమైనదన్న భావంతో పలువురు వాటిని బీరువాలో భద్రపరుస్తారు. నిజానికి గడియారానికి ఆ భద్రత వల్ల కలిగే మేలు తక్కువ.

1961లో హెచ్.ఎం.టి. సంస్థ జపానుకు చెందిన సిటిజన్ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాల తయారీని ప్రారంభించింది. జనతా, పైలట్, కోహినూర్ అనే పేర్లు ఇంటింటా పరిచితమయ్యాయి. 1980వ దశకంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ కూడా సీకో సాంకేతిక సహకారంతో గడియారాలు తయారుచేసింది. తరువాత బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ గడియారాలు విస్తరించి, కీ వాచీలు వెనుకబడ్డాయి. హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో నిర్ణయించింది. పాత వాచీకి విడిభాగం కావలసివస్తే, ఇప్పుడు తరచుగా ఆగిపోయిన మరొక వాచీ నుండి తీసి అమర్చవలసిందే.

జనతా వంటి వాచీకి కీ ఇచ్చినప్పుడు లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. అది మెల్లగా విప్పారుతూ పళ్లచక్రాలను తిప్పుతుంది. ఆ వేగాన్ని అదుపు చేసేది అటూ ఇటూ ఊగే ఒక చిన్న చక్రం. అది గంటకు 18,000 సార్లు, అనగా సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. ఇరుసులు అరగకుండా 17 కృత్రిమ కెంపులను పొదుగుతారు. వాటి వద్ద వేసే నూనె సూదిమొనపై నిలిచేటంత స్వల్పం. వాచీని ధరించినా ధరించకపోయినా ఆ నూనె కాలక్రమేణ చిక్కబడుతుంది. ఏళ్ల తరబడి ఆగివున్న వాచీని శుభ్రపరచి నూనె వేయించకుండానే కీ ఇచ్చి వాడితే ఇరుసులు అరిగిపోతాయి. నాలుగైదేళ్లకు ఒకసారి విప్పించి నూనె మార్పించడం ఉత్తమం.

చర్ల వంటి ప్రాంతంలో వీటికి ప్రధాన శత్రువు చెమ్మ. ఒకవైపు గోదావరి, మరొకవైపు తాలిపేరు, చుట్టూ అడవి. వానకాలమంతా గాలిలో తేమ నిండి ఉంటుంది. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అటువంటి ముంపులో తడిసిన వాచీని ఎండలోనో పొయ్యి దగ్గరో ఆరబెట్టరాదు. బియ్యంలో పూడ్చిపెట్టినా లోపలి నీరు పూర్తిగా పోదు. తుప్పు పట్టేందుకు ఎక్కువ కాలం పట్టదు కనుక వెంటనే మూత తీయించాలి. వరదమాట అటుంచి, అద్దం లోపల ఆవిరి కనిపించినా అదే జాగ్రత్త అవసరం.

ధరించే పద్ధతి సులభమే. ప్రతి ఉదయం ఇంచుమించు ఒకే వేళకు, వాచీని చేతి నుండి తీసి కీ ఇవ్వాలి. బిగుతు తగలగానే ఆపాలి. రాత్రి మెత్తని గుడ్డతో చెమట తుడవాలి. సెల్‌ఫోను స్పీకరు పక్కన ఉంచకూడదు; అందులోని అయస్కాంతం వల్ల సన్నని తీగచుట్టలు ఒకదానికొకటి అంటుకొని వాచీ త్వరత్వరగా నడవవచ్చు. బ్యాటరీ దొరకని మారుమూల పల్లెలో సైతం రెండు వేళ్ల బలంతో నడవడం దీని ప్రత్యేకత.

మాసిన డయలుకు కొత్త రంగు వేయించడం మాత్రం తగని పని. అంకెల మీది పసుపుఛాయ మరకలా కనిపించవచ్చు గాని, అది తాతగారు చూసిన ముఖమే. రంగు పడితే ఆ ముఖం తిరిగి రాదు. గీతలు పడిన ప్లాస్టిక్ అద్దాన్ని మెరుగుపెట్టించుకుంటే చాలు.

విడిభాగాల కంటే ఇప్పుడు అరుదవుతున్నది వాటిని అమర్చే చేయి. మరమ్మతు చేసిన కొందరు పనివారు వెనుక మూత లోపలివైపున సూదితో తేదీనో, తమ గుర్తునో గీసేవారు. పాత వాచీని విప్పించినప్పుడు ఆ మూతను భూతద్దంతో చూడాలి. తాతగారు దానిని ఎప్పుడెప్పుడు బాగుచేయించుకున్నారో అక్కడ కనిపించవచ్చు.