ఫోటో ఫైల్ 4 ఎంబీ, మెమొరీలో 52 ఎంబీ: నాన్న ఫోన్‌లో నా యాప్ ఎందుకు క్రాష్ అయింది?

ఫోన్ రివ్యూల్లో ర్యామ్ ఎంత, 4 జీబీనా 8 జీబీనా అని రోజూ మాట్లాడుకుంటాం. ఈసారి అదే ర్యామ్‌ని యాప్ రాసేవాడి వైపు నుంచి చూద్దాం. ఆండ్రాయిడ్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఒకరోజు ఎదురయ్యే 'అవుట్ ఆఫ్ మెమొరీ' ఎర్రర్ గురించే ఈ పాఠం. నాకు ఇది మా నాన్న కిరాణా కొట్లో ఎదురైంది.

అరువు ఖాతా రాసుకోవడానికి ఆయనకో చిన్న యాప్ చేసిచ్చాను. పేరు, బాకీ, కింద బిల్లు ఫోటో. అంతే. నా 8 జీబీ ఫోన్‌లో సాఫీగా నడిచింది. నాన్నది 2 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 7 ఉన్న పాత ఫోన్. అందులో మూడో బిల్లు ఫోటో తీయగానే యాప్ ఠక్కున మూసుకుపోయింది. ఆ మూడో బాకీ కూడా పోయింది. "నోటు పుస్తకం ఎప్పుడూ ఇలా ఆగిపోలేదురా" అన్నారు నాన్న. కాదనలేకపోయాను.

లెక్క ఎక్కడ తప్పింది?

ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి లాగ్‌క్యాట్ చూస్తే, దాదాపు 5.19 కోట్ల బైట్లు అడిగితే సిస్టమ్ ఇవ్వలేకపోయిందని ఉంది. గ్యాలరీలో చూస్తే ఆ ఫోటో 4 ఎంబీనే! మరి ఈ 5.19 కోట్లు ఎక్కడివి?

జేపెగ్ అంటే కుదించి మడతపెట్టిన ఫోటో. స్క్రీన్ మీద చూపించాలంటే ఆ మడత విప్పాలి. విప్పాక ప్రతి పిక్సెల్‌కీ 4 బైట్లు కావాలి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత, ఒక్కోదానికి ఒక బైటు. నాన్న ఫోన్ కెమెరా 13 మెగాపిక్సెల్, అంటే 4160 × 3120. మొత్తం 1,29,79,200 పిక్సెళ్లు. నాలుగుతో గుణిస్తే సుమారు 52 ఎంబీ. ఫైల్ సైజుకీ దీనికీ సంబంధమే లేదు.

ఫోన్‌లో ర్యామ్ ఎంత ఉన్నా, ఒక్కో యాప్‌కి సిస్టమ్ ఒక హీప్ లిమిట్ పెడుతుంది. యాక్టివిటీ మేనేజర్‌లోని గెట్‌మెమొరీక్లాస్ ఫంక్షన్‌ని అడిగితే అదెంతో చెబుతుంది. నాన్న ఫోన్‌లో 128 ఎంబీ అని వచ్చింది. రెండు ఫోటోలు పట్టాయి, మూడోదానికి చోటు లేదు.

నా ఫోన్‌లో ఎందుకు రాలేదు? ఆండ్రాయిడ్ 8 నుంచి బిట్‌మ్యాప్ పిక్సెళ్లు జావా హీప్‌లో కాకుండా నేటివ్ హీప్‌లో ఉంటాయి. అందుకని ఆ లిమిట్ వెంటనే తగల్లేదు. అలాగని బతికిపోయినట్టు కాదు. అక్కడ కూడా మితిమీరి వాడితే, ర్యామ్ తగ్గినప్పుడు సిస్టమే మన యాప్‌ని చంపేస్తుంది.

ముందు నేను చేసిన తప్పుడు రిపేర్లు

మొదట మానిఫెస్ట్‌లో లార్జ్‌హీప్ ఆన్ చేశాను. క్రాష్ మూడో ఫోటో నుంచి ఇంకాస్త ముందుకి జరిగింది, అంతే. తర్వాత ట్రై-క్యాచ్ పెట్టి 'ఎక్సెప్షన్'ని పట్టుకోబోయాను. దొరకలేదు. ఎందుకంటే ఇది ఎక్సెప్షన్ కాదు, 'ఎర్రర్' క్లాస్‌కి చెందినది. పట్టుకున్నా పెద్దగా లాభం ఉండదు. మెమొరీ నిండిపోయాక చివరగా చెయ్యి చాపిన లైను దగ్గర క్రాష్ కనిపిస్తుంది. నింపినవాడు వేరేచోట ఉండొచ్చు.

అసలు మందు: కావలసినంతే విప్పండి

లిస్టులో ఆ ఫోటో కనిపించే వెడల్పు 400 పిక్సెళ్లే. దానికోసం 4160 విప్పడం దేనికి?

1. బిట్‌మ్యాప్‌ఫ్యాక్టరీ ఆప్షన్స్‌లో ఇన్‌జస్ట్‌డీకోడ్‌బౌండ్స్ ట్రూ పెట్టి ఒకసారి చదవండి. ఫోటో విప్పకుండా కొలతలు మాత్రమే వస్తాయి.
2. ఇన్‌శాంపుల్‌సైజ్‌కి 2, 4, 8, 16లలో సరిపోయేది ఎంచుకోండి. 8 పెడితే 520 × 390 వస్తుంది. 16 పెడితే 260కి పడిపోయి ఫోటో మసకబారుతుంది. కాబట్టి 8.
3. ఇప్పుడు బౌండ్స్ ఆప్షన్‌ని ఫాల్స్ చేసి అసలు డీకోడ్ చేయండి.

520 × 390 × 4 అంటే దాదాపు 0.8 ఎంబీ. 52 నుంచి 0.8కి, అంటే 64వ వంతుకి దిగింది.

ఇది ఒకసారి చేత్తో రాసి చూడండి, విషయం బుర్రకెక్కుతుంది. తర్వాత అసలు ప్రాజెక్టులో గ్లైడ్ లేదా కాయిల్ వాడండి. వ్యూ సైజుకి తగ్గించడం, క్యాష్ చేయడం అవే చూసుకుంటాయి. ఇమేజ్‌వ్యూకి కచ్చితమైన కొలత ఇవ్వడం మాత్రం మీ పని.

ఇంకా క్రాష్ అవుతుంటే? లీక్ వెతకండి

ఫోటోలు తగ్గించాక కూడా, ఖాతా పేజీని తెరుస్తూ మూస్తూ ఉంటే మెమొరీ పెరుగుతూనే ఉంది. స్క్వేర్ సంస్థ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన లీక్‌కెనరీని డీబగ్ బిల్డ్‌కి కలిపాను. దొంగ దొరికాడు: యాప్ అంతటికీ ఒక్కటే ఉండే నా డేటా క్లాస్‌లో లిజనర్‌గా యాక్టివిటీని ఇచ్చి, మళ్లీ తీసేయడం మర్చిపోయాను. పేజీ మూసినా ఎవరో దాన్ని పట్టుకునే ఉన్నారు కాబట్టి గార్బేజ్ కలెక్టర్ దాని జోలికి పోదు. ఆన్‌డెస్ట్రాయ్‌లో ఆ లిజనర్‌ని తీసేశాను. ఎక్కువకాలం బతికే క్లాసులకి యాక్టివిటీ బదులు అప్లికేషన్ కాంటెక్స్ట్ ఇచ్చాను. గ్రాఫ్ పెరగడం ఆగింది.

అన్నిటికంటే పెద్ద తప్పు

నిజం చెప్పాలంటే నాన్న బాకీ పోవడానికి కారణం మెమొరీ ఒక్కటే కాదు. నేను ఫోటో చూపించాక ఎంట్రీ సేవ్ చేసేలా రాశాను. మధ్యలో యాప్ చచ్చిపోతే ఎంట్రీ గల్లంతే. ఇప్పుడు ముందు డేటాబేస్‌లో సేవ్ అవుతుంది, ఆ తర్వాతే ఫోటో కనిపిస్తుంది. యాప్ ఏ క్షణంలోనైనా పోవచ్చు అనుకుని రాయడమే సరైన పద్ధతి.

మీ దగ్గర పాత ఫోన్ లేకపోతే, ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో ర్యామ్, వీఎం హీప్ రెండూ తగ్గించి టెస్ట్ చేయండి. ప్రొఫైలర్‌లో మెమొరీ గ్రాఫ్ తెరిచి, ఒకే పేజీకి పదిసార్లు వెళ్లి రండి. గీత ఎక్కి దిగితే ఫర్వాలేదు. ఎక్కడమే తప్ప దిగడం లేదంటే లీక్ ఉన్నట్టే.

నాన్న ఇప్పుడు యాప్ వాడుతున్నారు. నోటు పుస్తకం కూడా గల్లా పెట్టె పక్కనే ఉంది. ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి, తప్పులేదు.