సివిల్ ఇంజనీర్లకు తెర మీద పాఠం

ప్రశ్న: సైట్ ఇంజనీర్లకు ఆన్‌లైన్ సెమినార్లు చెప్పాలనుంది. ఉపయోగముంటుందా? (ఒక అధ్యాపకుడు, కురబలకోట)

జవాబు: ఉంటుంది, కోడ్ పుస్తకాన్ని స్లైడ్లలో చదివి వినిపించనంత వరకు. ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. సిద్ధాంతం కోసం మీ దగ్గరికి రానక్కర్లేదు. పనిలో ఉన్నవారికి కావలసింది నిర్ణయం తీసుకునే అభ్యాసం. 2021 నవంబరు 19న చెయ్యేరు వరద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మీదుగా పొర్లి, దాన్ని తెంచేసింది. దిగువ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. ఆ వరదనే ముందుంచి, గేట్లు ఎప్పుడు ఎత్తాలో, ఊళ్లకు ఎప్పుడు కబురు పెట్టాలో లెక్కవేసి చెప్పమనండి. చేత్తో పట్టి చూడకుండా సివిల్ పని రాదంటారు కొందరు. కాంక్రీటు స్లంప్ పరీక్ష విషయంలో అది నిజమే, అది సైట్లోనే నేర్వాలి. కానీ వరదను సైట్‌కు రప్పించి చూపలేం కదా! హాజరయ్యేవారి సంఖ్య మాత్రం తక్కువగా ఉంచండి. ప్రతి ఒక్కరూ తన లెక్కను నలుగురి ముందు సమర్థించుకునే వీలుండాలి. పగలు సైట్ పనుల్లో ఉన్నవారి కోసం వేళ సాయంత్రం పెట్టండి.