పడకపుండు: పరిచారకుని జాగ్రత్త

చికిత్సకు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి నాలుగు పాదములని చరకసంహిత సూత్రస్థానము 9వ అధ్యాయము చెప్పుచున్నది. పక్షవాతరోగికి వేళకు మందిచ్చుచు, ప్రక్క మార్చుట మరచిన గృహములను పెక్కింటిని చూచియున్నాను. పడకపుండు అట్లే పుట్టును.

సుమారు 2 గంటలకొకసారి రోగిని ఈడ్వక, ఎత్తి ప్రక్కకు త్రిప్పవలెను. తడిసిన దుప్పటిని వెంటనే మార్చవలెను. నడుము క్రింది ఎముక, తుంటి, మడమలను దినదినము పరీక్షింపవలెను. వ్రేలితో నొక్కినను ఎరుపు పాలిపోకున్నచో అది తొలి హెచ్చరిక. నల్లని మేనిపై ఎరుపు కానరాదు. వెచ్చదనము, గట్టిదనము చూడవలెను.

అచ్చట తైలమర్దనము కూడదు. లోపలి కండ మరింత చెడును. ఆ చోటు పడకకు ఆనకుండ పరుండబెట్టి వైద్యునికి చూపుడు. చర్మము చిట్లినచో గృహవైద్యము వలదు.

నొప్పి, మంట దాచక చెప్పుమని రోగికి బోధింపుడు. స్పర్శ తెలియని రోగికి మీ కన్నులే రక్ష.