తొమ్మిది ఆరైంది



మన చదువుల కేంద్రానికి ఒక అక్క వస్తుంది. ఎనిమిది నెలల్లో చదవడం, రాయడం నేర్చుకుంది. ఆమె కూతురికి ఇరవై రెండేళ్లు. పదేళ్లు బడికి పోయింది. అయినా చదవమంటే తడబడుతుంది. 'ప' ను 'వ' అంటుంది. పదో తరగతి తప్పింది. ఊళ్లో అందరూ "మొద్దు" అన్నారు. అక్క కూడా అంది. కోపం వచ్చి కొట్టింది కూడా.

కానీ ఆ పిల్ల చేతికి కత్తెర ఇచ్చి చూడాలి! గుడ్డ వృథా కాకుండా కోస్తుంది. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుంది. జాకెట్లు కుట్టి నాలుగు డబ్బులు సంపాదిస్తుంది.

ఒకసారి పెళ్లివారి బట్టలు వచ్చాయి. కొలత 39 అని చెప్పారు. పిల్ల పుస్తకంలో 36 అని రాసుకుంది. పట్టు గుడ్డ అంతా ఆ లెక్కనే కోసేసింది. జాకెట్లు బిగుతైపోయాయి. గుడ్డ డబ్బులు తానే కట్టింది. వారం రోజులు మిషను ముట్టలేదు.

అప్పుడు అక్క నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, ఈ వయసులో నాకే చదువు వచ్చింది. నా బిడ్డకు ఎందుకు రాలేదు?"

"అక్కా, మీకు చదువు రానిది బడికి పోక. మీ అమ్మాయికి బడికి పోయినా రాలేదు. రెండూ ఒకటి కాదు. కొందరి మెదడు అక్షరాలను, అంకెలను పట్టుకునే తీరు వేరుగా ఉంటుంది. దీన్ని డిస్లెక్సియా అంటారు. ఇది బద్ధకం కాదు. తెలివితక్కువతనం కాదు. మీ అమ్మాయికి అదేనో కాదో డాక్టర్లు పరీక్ష చేసి చెప్పాలి" అన్నాను.

అక్క భయపడింది. "ఆ కాగితం తెస్తే పిచ్చిది అంటారు. పెళ్లెట్లా అవుతుంది?"

కూతురు అంది: "మొద్దు అని ఇప్పటికే అంటున్నారు కదమ్మా. ఆ కాగితం మీద మొద్దు అని రాయరు కదా!"

అక్క ఇంకేం అనలేదు. మర్నాడు ప్రయాణమైంది.

చట్టం ఏమంటుంది?

1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో కొత్త చట్టం చేశారు. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 21 రకాలు ఉన్నాయి. చదువు నేర్చుకోవడంలో ఉండే ఈ ఇబ్బంది వాటిలో ఒకటి. ఆటిజం కూడా ఉంది.

ఈ చట్టం ఉద్యోగం చేసేవారికే కాదు. సొంతంగా దుకాణం, కుట్టుపని, వ్యాపారం చేసేవారికీ వర్తిస్తుంది. వైకల్యం 40 శాతం లేక అంతకు మించి ఉన్నవారికి పేదరిక నిర్మూలన పథకాలలో 5 శాతం వాటా ఉంది. అందులో ఆడవారికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే రాశారు.

ఏం చేయాలి?

1. ముందు యు.డి.ఐ.డి. కార్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆధార్ కార్డు, ఫొటో కావాలి. మనకు రాకపోతే మీసేవలో అడగవచ్చు.

2. చెప్పిన రోజున ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. చదివిస్తారు, రాయిస్తారు, లెక్కలు చేయిస్తారు. పాత మార్కుల కాగితాలు ఉంటే తీసుకుపోండి.

3. కార్డు రంగు చూడండి. 40 శాతం కంటే తక్కువైతే తెలుపు. 40 నుంచి 80 లోపు అయితే పసుపు. 80, ఆపైన అయితే నీలం.

4. తరువాత జిల్లాలోని వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అప్పు గురించి అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అంటారు. సొంత పని చేసుకునే వికలాంగులకు అప్పులు ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 1997లో ఒక సంస్థను పెట్టింది. అది రాష్ట్ర సంస్థల ద్వారా, బ్యాంకుల ద్వారా అప్పు ఇస్తుంది. 40 శాతం, ఆపైన ఉన్నవారే అడగాలి.

ఒక మాట మరవకండి. అప్పు దానం కాదు. తిరిగి కట్టాలి. వడ్డీ ఎంత, కంతు ఎంత, ఎన్ని నెలలు అని అడిగి రాసుకున్నాకే సంతకం పెట్టండి. మధ్యలో ఎవరైనా "నేను చేయిస్తాను, డబ్బు ఇవ్వు" అంటే ఇవ్వకండి.

ఇప్పుడు ఆ ఇంట్లో

పిల్లకు పసుపు కార్డు వచ్చింది. ఇంకో మిషను కోసం అప్పుకు దరఖాస్తు పెట్టింది. ఇంకా ఎదురు చూస్తోంది.

కానీ అప్పుతో మిషను వస్తుంది. 9 మాత్రం 6 కాకుండా ఆగదు. దానికి తల్లీకూతుళ్లే దారి వెతుక్కున్నారు. ఇప్పుడు కూతురు టేపు పెట్టి కొలుస్తుంది, పైకి చెబుతుంది. తల్లి పుస్తకంలో రాస్తుంది. గుడ్డ కోసే ముందు మళ్లీ గట్టిగా చదివి వినిపిస్తుంది. తల్లి పొలానికి పోయిన రోజు కూతురు కొలతలు ఫోనులో మాట్లాడి దాచుకుంటుంది.

మొన్న అక్క నాకు ఆ కొలతల పుస్తకం చూపించింది. అక్షరాలు కొంచెం వంకర. అంకెలు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

"నా బిడ్డను ఇన్నేళ్లు ఊరికే కొట్టాను టీచరమ్మా" అంది. కళ్లు తుడుచుకుంది. మళ్లీ పుస్తకం తీసి పేజీ తిప్పింది.

కొత్త మాటలు

వైకల్యం, శాతం, దరఖాస్తు, ప్రాధాన్యం, కంతు

ఆలోచించండి, మాట్లాడండి

1. మీ వాడలో చదువు రాదని తిట్లు తినే పిల్లలు ఉన్నారా? వాళ్లకు ఏ పని బాగా వచ్చు?
2. అక్క ఎందుకు భయపడింది? మీరైతే ఏం చేసేవారు?

రాయండి

మీ ఇంట్లో ఒకరి జాకెట్టు కొలతలు రాయండి. పక్కన కూర్చున్నవారికి చదివి వినిపించండి.