రైతుబజారులో సర్వపిండి అమ్మొచ్చా?

ప్రశ్న: మాది కోదాడ. అత్తమ్మ, మా ఆయన, నేను కలిసి సర్వపిండి, జొన్నరొట్టె, మిర్చి బజ్జీలు చేసి రైతుబజారులో అమ్మాలనుకుంటున్నాం. సూర్యాపేట, మిర్యాలగూడలోనూ పెట్టొచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా మొదలుపెట్టండమ్మా. కాకపోతే, 1999లో రైతుబజార్లు తెచ్చిందే దళారీ లేకుండా రైతు తన పంట అమ్ముకోవడానికి. లోపలి చోటుపై మొదటి హక్కు గుర్తింపు కార్డున్న రైతులదే. వండిన తిండికి చోటిస్తారేమో ఎస్టేట్ ఆఫీసర్‌ను అడగండి. కుదరకపోతే గేటు బయట బండి పెట్టుకోండి. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద మున్సిపాలిటీలో గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేయండి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు, మధ్యవర్తికి వేలు పోయకండి.

అసలు చిక్కు సర్వపిండితోనే. గిన్నె అడుగున పిండి వత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద కాల్చాలి. తొందరపడితే అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. కొనేవాళ్లేమో కూరగాయల సంచీతో నిలబడి ఉంటారు. అందుకే నాలుగైదు గిన్నెలు వంతులవారీగా పొయ్యెక్కించండి. ఆ పని అత్తమ్మకే వదిలేయండి, డబ్బులు ముట్టినవాళ్లు పిండి ముట్టొద్దు. బజ్జీల నూనె నల్లబడి నురగ కడితే పారబోయాల్సిందే. పదేపదే కాగిన నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం మించకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. న్యూస్‌పేపర్‌లో అస్సలు కట్టివ్వకండి, ఆ సిరా విషం. విస్తరాకులు వాడండి.

మూడూళ్లూ ఒకేసారి వద్దు. కోదాడలో ఖర్చులు పోను రోజూ ఎంత మిగులుతుందో రాసుకుంటూ, లెక్క కుదిరాకే సూర్యాపేట వెళ్లండి. మిర్యాలగూడ ఆ తర్వాత చూద్దాం. ముందు ఈ వారమే బజారు ఆఫీసుకెళ్లి అడిగి రండి.