దెబ్బతిన్న కాలు – దేహభారము

విద్యార్థులారా! తులాదండమును గూర్చియు, ఆర్కిమిడీసు సూత్రమును గూర్చియు మీరు విజ్ఞానశాస్త్రమున చదివియున్నారు. అవి పరీక్షలకు మాత్రమే పనికివచ్చునవి కావు. దెబ్బతిన్న మనుష్యుడు తిరిగి నడచుటకు అవి ఎట్లు తోడ్పడునో ఈ పాఠమున తెలిసికొందము.

ఒక ఇంటిని ఊహించుకొనుడు. ఆ ఇంటి యజమాని నిచ్చెనపైనుండి జారిపడగా మోకాలికి పెద్ద దెబ్బ తగిలినది. శస్త్రచికిత్స జరిగినది; ఎముక అతికినది. కాని అడుగు వేసినప్పుడెల్ల నొప్పి. ఆ నొప్పికి వెఱచి ఆయన కదలుట మానెను. పూర్వము దినమంతయు పాటుపడి తినిన అన్నమునే ఇప్పుడు కూర్చుండి తినుచుండెను. ఇంటివారు జాలిపడి నెయ్యియు, పిండివంటలును అదనముగా పెట్టుచుండిరి. ఏడాది తిరుగునప్పటికి బరువు పెరిగినది, తొడకండరములు సన్నగిలినవి. నొప్పి హెచ్చినకొలది కదలిక తగ్గినది. కదలిక తగ్గినకొలది బరువు పెరిగినది. దెబ్బ తగిలినది ఒక్కమారు. ఈ గానుగ తిరుగుడు మాత్రము ప్రతిదినము బాధించును. దీనిని ఎక్కడ ఆపవలెను?

మోకాటి లెక్క

నడచునప్పుడు మోకాటి కీలు మోయు భారము మన శరీరపు బరువుకంటె ఎక్కువ. ఏలయన, శరీరభారము కీలునకు దూరముగా పనిచేయును. దానిని నిలబెట్టు కండరములు కీలునకు మిక్కిలి దగ్గరగా అంటియుండును. తులాదండమున పొట్టి భుజమువైపు నున్నవాడు ఎక్కువ బలము చూపవలెను గదా! ఆ కండరముల లాగుడు కూడ కీలుమీదనే పడును.

అమెరికాలోని వేక్ ఫారెస్టు విశ్వవిద్యాలయ పరిశోధకులు, మోకాటి కీళ్ళు అరిగి బరువు ఎక్కువగానున్న 142 మందిని పరీక్షించి 2005లో ఫలితము ప్రకటించిరి. శరీరమున ఒక కిలో తగ్గినచో ప్రతి అడుగునందు మోకాటిపై సుమారు 4 కిలోల భారము తగ్గును. 5 కిలోలు తగ్గినవానికి అడుగునకు 20 కిలోలు తగ్గును. ఆ కాలితో వేయి అడుగులు వేసినచో, మొత్తము 20,000 కిలోలు, అనగా 20 టన్నులు, ఆ మోకాలికి తప్పినవన్నమాట!

ఆ విశ్వవిద్యాలయమువారే 454 మందిని మూడు తెగలుగా చేసి 18 నెలలు గమనించి, 2013లో మరియొక పరిశోధనను వెలువరించిరి. వ్యాయామము మాత్రమే చేసినవారు సగటున సుమారు 2 కిలోలును, ఆహారనియమము మాత్రమే పాటించినవారు సుమారు 9 కిలోలును, రెండును చేసినవారు 10 కిలోలకు పైగాను తగ్గిరి. రెండును చేసినవారికి నొప్పి తగ్గుటయు, నడక మెరుగగుటయు కనబడినది. వీరు కీళ్ళరుగుడు వ్యాధి కలవారు. దెబ్బతిన్న మోకాలు కూడ తక్కినవానికంటె త్వరగా అరుగును గావున ఈ పాఠము వారికిని వర్తించును.

అయినను ఒక హెచ్చరిక. వెన్నుపాము తెగినవారికి బరువు తగ్గినంతమాత్రమున నడక వచ్చునని చెప్పుట అసత్యము. అట్టివారికి మంచముమీదనుండి చక్రాల కుర్చీలోనికి మారుట సులభమగును. లేవనెత్తువారికిని శ్రమ తగ్గును. అదియు చిన్న మేలు కాదు.

ఆహారము

ఒక కిలో దేహపు క్రొవ్వునందు సుమారు 7,700 కిలోకెలోరీల శక్తి నిలువయుండును. దినమునకు 500 తగ్గించి తినినచో, మొదట వారమునకు ఇంచుమించు అరకిలో తగ్గవచ్చును. పిమ్మట వేగము మందగించును. దానికి నిరాశ చెందరాదు.

ఉపవాసము దీనికి మార్గము కాదు. పస్తులున్నవానికి క్రొవ్వుతో పాటు కండయు కరగును. నిలబెట్టునది ఆ కండయే. కావున సంగటిముద్దను చిన్నది చేసి, ప్రక్కన ఆకుకూర పప్పు, ఉలవలు, మజ్జిగ, అలవాటున్నవారికి గ్రుడ్డు పెట్టవలెను. కాఫీలో చక్కెరయు, నూనెలో వేచిన పదార్థములును తగ్గింపవలెను. మధుమేహమునకు మందు తీసికొనువారు ఆహారము మార్చుటకు ముందే వైద్యునితో చెప్పవలెను. మందు మోతాదు మార్చవలసి రావచ్చును.

కదలిక

మొదటి వ్యాయామము నడక కానక్కరలేదు. కుర్చీలో కూర్చుండి కాలు ముందునకు చాచి, కొన్ని క్షణములు నిలిపి, మెల్లగా దించుట తొడకండరమునకు బలమిచ్చును. ఏది ఎన్నిమారులు చేయవలెనో చికిత్సచేయువారే చెప్పవలెను.

రక్షణగల కొలను, ప్రక్కన తోడు ఉన్నచో నీటిలో నడచుటయు మంచిది. మెడలోతు నీటిలో నిలిచినవాని పాదములపై పడు భారము సుమారు పదియవ వంతు మాత్రమే. ఆర్కిమిడీసు సూత్రము ఇక్కడ వైద్యమగును. మానని పుండున్నవారు నీటిలోనికి దిగరాదు.

చేతికర్రను ఏ చేత పట్టవలెను? దెబ్బతిన్న కాలివైపున అని అనేకులు తలంతురు. అది పొరపాటు. బాగున్న కాలివైపు చేతనే పట్టి, కర్రను దెబ్బతిన్న కాలితోపాటు ముందునకు వేయవలెను. 1956లో అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ బ్లౌంటు, చేతికర్రను పారవేయవలదని ఒక వైద్యపత్రికలో ప్రత్యేకముగా వ్యాసమే వ్రాసెను. కర్ర పట్టుట సిగ్గు కాదు.

మీ పని

మన ప్రాంతమున వైద్యుడు తమిళమున చెప్పును. చీటి ఆంగ్లమున వ్రాయును. ఇంటిలో తాతగారికి తెలుగు మాత్రమే వచ్చును. ఆ నడుమ నిలిచి రెండువైపుల వారికి అర్థమగునట్లు చెప్పగలవారు మీరే. “నడవవచ్చునా? ఎంత దూరము? ఏ బరువు ఎత్తరాదు?” అని మీరు అడిగి, సమాధానమును తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపుడు. తెలియని మాటను ఊహించి చెప్పక, మరల అడుగుడు. మీరు చేయు పొరపాటు పెద్దవారి దేహముమీద పడును.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. దెబ్బతిన్నవానిని లావని ఎగతాళి చేయకుడు; సోమరియని నిందింపకుడు. జాలితో మరియొక గరిటె వడ్డించుటకు బదులు, చేయి అందించి వీధి మలుపువరకు తోడు నడువుడు. నేడు మలుపువరకు, వచ్చు నెల బడివరకు.

అభ్యాసము

1. 78 కిలోల వ్యక్తి 72 కిలోలకు తగ్గినచో అడుగునకు మోకాటిపై ఎంత భారము తగ్గును?
2. ఎడమ మోకాలు దెబ్బతిన్నవారు కర్రను ఏ చేత పట్టవలెను?
3. మీ ఇంటి పెద్దలలో ఒకరు ఈ వారము ఎంత దూరము నడచిరో ప్రతిదినము వ్రాసి తెండు.