రిసీవర్ వస్తే దివాలా కాదు

ఒక సంస్థ రిసీవర్ చేతికి వెళ్లిందన్న వార్త బజారుకు చేరగానే 'దివాలా' అన్న మాట పుట్టడం, అరువు ఆగిపోవడం పరిపాటి. చట్టరీత్యా ఈ రెండూ వేర్వేరు. దివాలా అప్పులు తీర్చలేని స్థితికి సంబంధించినది. రిసీవర్ నియామకం ఆస్తి రక్షణకు సంబంధించినది. లాభాల్లో నడిచే సంస్థకూ రిసీవర్ రావచ్చును.

సివిల్ ప్రొసీజర్ కోడ్ (1908) 40వ ఆర్డరు ప్రకారం న్యాయమనీ, ఉచితమనీ తోచినప్పుడు, డిక్రీకి ముందుగానీ తరువాతగానీ కోర్టు రిసీవరును నియమించవచ్చును. ఆయన ఏ కక్షిదారు మనిషీ కాడు. ఆస్తి ఆయన స్వాధీనంలోకి వస్తుందేగాని, యాజమాన్యం మారదు. ఇది కఠినమైన చర్య గనుక, ఆస్తికి ముప్పు ఉన్నదని స్పష్టంగా చూపనిదే నియామకం తగదని మద్రాసు హైకోర్టు 1954లో కృష్ణస్వామి చెట్టి కేసులో వివరించింది.

గుంటూరులో ఇద్దరు భాగస్వాముల మిర్చి వ్యాపారం తగవులో పడిందనుకుందాం. సరకు కోల్డ్ స్టోరేజిలో ఉన్నది. ఒకరు అమ్మబోతే రెండోవారు అడ్డుపడుతున్నారు. ఈలోగా ధర పడిపోయినా, కాయ రంగు మారినా నష్టం ఇద్దరిదీ, వారికి అప్పిచ్చినవారిదీ. రిసీవర్ వస్తే నిల్వలకు జాబితా వేసి, పద్దు పుస్తకాలు తీసుకుని, రావలసిన బాకీలు వసూలు చేస్తారు. అమ్మే అధికారం ఉత్తర్వులో ఉంటేనే అమ్మగలరు. లేకుంటే కోర్టు అనుమతి పొందాలి. త్వరగా చెడిపోయే సరకును వ్యాజ్యం తేలకముందే అమ్మించే వీలు 39వ ఆర్డరు 6వ రూలులో ఉన్నది.

అటువంటి సంస్థతో లావాదేవీలున్న వర్తకులు, దళారులు గమనించవలసిన విషయాలు:

1. ముందుగా కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ నకలు చూడాలి. రిసీవరు అధికారం అందులో రాసినంత మేరకే.

2. సంస్థకు బాకీ ఉన్నవారు రిసీవరుకే చెల్లించి రసీదు పొందాలి. ఉత్తర్వు తెలిసి కూడా భాగస్వామి చేతికిస్తే మళ్లీ చెల్లించవలసి రావచ్చును.

3. పాత బాకీ కింద సరకు ఎత్తుకుపోరాదు. రిసీవరు స్వాధీనానికి అడ్డు తగిలితే అది కోర్టు ధిక్కారం కావచ్చును. ఆయనపై దావా వేయాలన్నా కోర్టు అనుమతి కావాలి.

4. అదే గిడ్డంగిలో తమ సొంత బస్తాలున్నవారు రసీదులతో కోర్టును ఆశ్రయించాలి. కక్షిదారులకు ఎవరిని తొలగించే హక్కు లేదో, వారి స్వాధీనాన్ని కోర్టు కూడా ఈ ఆర్డరు కింద తొలగించరాదు.

రిసీవరుపైనా అదుపు ఉన్నది. కోర్టు కోరిన హామీ ఇవ్వాలి, లెక్కలు దాఖలు చేయాలి. ఆయన బుద్ధిపూర్వక తప్పిదం వల్లగాని, తీవ్ర నిర్లక్ష్యం వల్లగాని నష్టం వస్తే, ఆయన ఆస్తినే జప్తు చేయించి రాబట్టవచ్చును.

కనుక రిసీవర్ మాట వినగానే అరువు బిగించడం కంటే, ఉత్తర్వు నకలు తెప్పించి చదవడం లాభదాయకం.